నాన్న పొలం అమ్మాలా, ఉంచాలా? ఉండి దగ్గర 2 ఎకరాల 40 సెంట్లు

గోదారి పిల్ల:
నాన్న పోయి ఏడాది దాటింది. ఉండి, ఆకివీడు మధ్య మాకు 2 ఎకరాల 40 సెంట్ల వరి చేను ఉంది. వీలునామా లేదు. అమ్మ ఊళ్లో, నేను హైదరాబాద్‌లో, అన్నయ్య డాలస్‌లో. అన్నయ్య అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు.

సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రెండో పంట) రెండూ పండుతాయి. చాలా ఏళ్లుగా ఒకాయనే కౌలుకి చేస్తున్నారు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఎకరానికి ఏడాదికి 28 బస్తాలు. సార్వా మునిగిన ఏడు నాన్న సగమే తీసుకునేవారు, అమ్మదీ అదే పద్ధతి. ఎలా చూసినా ఎకరానికి 50 వేలు దాటదు. అన్నయ్య ఎక్సెల్ షీట్ వేసి మరీ చూపించాడు. (ఆ షీట్‌లో అమ్మ తినే బియ్యం లెక్క లేదు లెండి.)

పక్క చేను రొయ్యల చెరువైంది. ఆ ఆసామే ఎకరం 45 లక్షలకి అడుగుతున్నారు. సగం రిజిస్ట్రేషన్‌లో చూపిస్తారట, సగం క్యాష్. ఉప్పు ఊటకి గట్టు వెంబడి వరి ఇప్పటికే ఎర్రబడుతోంది. ఇంకా ఆగితే ఆయన చెప్పిందే రేటు అవుతుందని అన్నయ్య టెన్షన్. అమ్మేమో "నేనున్నన్నాళ్లూ ఉండనివ్వండి, తర్వాత మీ ఇష్టం" అంటుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా ఇబ్బంది. పాస్ పుస్తకం ఇంకా నాన్న పేరునే ఉంది. ఏం చేయమంటారు?

పాత లేఖరి, భీమవరం:
అమ్మా, అమ్మడం సంగతి తర్వాత. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని ముందు మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో పేరు మార్పిడికి, పెట్టండి. వీలునామా లేదు కాబట్టి నాన్నగారి ఆస్తి అమ్మగారికి, అన్నయ్యకి, మీకు సమానంగా వస్తుంది. 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఈసీ (పాత లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు లేదని చూసుకోండి. రీసర్వే అయిన ఊరైతే సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, పక్కవాళ్లతో కలిపి జాయింట్ ఎల్‌పీఎం పడితే విడదీయించుకోవాలి. సర్వేయరుతో కొలిపించడం మాత్రం మానకండి. చెరువు గట్లు ఏటా లావెక్కుతాయి, అదేమిటో ఎప్పుడూ మన వైపుకే!

ఇంకో మాట. అన్నయ్య తన వాటా ఒక్కటీ అమ్మదలిస్తే, కొనుక్కునే మొదటి హక్కు మీకూ అమ్మగారికీ ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ చూడండి. వ్యవసాయ భూమికీ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.

ఆడిటర్ రావు:
ఆ సగం క్యాష్ బేరం ఒప్పుకోవద్దు. మీది గ్రామీణ వ్యవసాయ భూమి అయితే అమ్మకం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్నే లేదు. మరి రేటు తగ్గించి రాస్తే మీకు మిగిలేదేమిటి? స్టాంపు డ్యూటీ మిగిలేది కొనేవాళ్లకి. పైగా భూమి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. క్యాష్ వాటాని మీ అన్నయ్య అమెరికాకి పంపుకోనూ లేరు. బ్యాంకులో పడ్డ డబ్బయితే ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి రాబడికి తెరిచే బ్యాంకు ఖాతా) ద్వారా ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు.

గ్రామీణమా కాదా అన్నది దూరాన్ని బట్టి. జనాభా లక్ష దాటిన భీమవరం మున్సిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్లు, ఆకివీడు నగర పంచాయతీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు దాటి ఉండాలి. రోడ్డు దూరం కాదు, తిన్నగా గీత గీసిన దూరం.

విదేశీ పౌరుడు వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు. అమ్మితే మాత్రం ఇక్కడ నివసించే భారత పౌరులకే. రాలేకపోతే హ్యూస్టన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపమనండి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి.

కౌలు రైతు కొడుకు:
అందరూ రేటే మాట్లాడుతున్నారు. మీ బాబాయ్‌ని అడిగారా? ఆంధ్ర ప్రాంత 1956 కౌలు చట్టంలోనే, అమ్మేముందు సాగుచేస్తున్న కౌలుదారుని అడగాలని ఉంది. ఆయన మొత్తం కొనలేకపోవచ్చు, ఎకరం కొంటారేమో. మీ చేను కూడా చెరువైతే దాని పక్క చేను ఎవరిదో, వాళ్ల గతేమిటో కూడా చూసుకోండి.

గోదారి పిల్ల:
దాని పక్క 60 సెంట్లు బాబాయ్ సొంతమేనండి. ఈ సంగతి అన్నయ్య షీట్‌లోనూ లేదు, నా ప్రశ్నలోనూ రాయలేదు. నిన్న ఫోన్ చేశాను. ఎకరం అయితే కొంటారట, కానీ దాళ్వా డబ్బు చేతికొచ్చాక, రెండు విడతల్లో. అన్నయ్య వాటా 80 సెంట్లే కాబట్టి నా వాటాలోంచి 20 కలిపితే సరిపోతుంది. చెరువాయన రేటు రాదు. తేడా ఎంతైనా పర్లేదని నేనంటున్నాను, అన్నయ్య ఇంకా అనడం లేదు. అమ్మ వాటా జోలికి మాత్రం వెళ్లం. మ్యుటేషన్ అర్జీ సోమవారం పెడుతున్నాను. ఈలోపు చెరువుకీ మా చేనుకీ మధ్య ఊట బోదె (ఉప్పు ఊటని పట్టే కాలువ) తవ్వించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి, మత్స్యశాఖకా, తహసీల్దారుకా? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.