పిల్లి తెలివైనదా, కుక్క తెలివైనదా? మిల్లులో మొదలైన లొల్లి

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
మా రైస్ మిల్లులో ఈ మధ్య ఒకటే లొల్లి. గోదాంలో పిల్లులు ఎక్కువైనాయి, బస్తాల మీద గలీజు చేస్తున్నాయి, వాటిని పట్టించి ఎక్కడన్నా దూరంగా వదిలేసి ఒక మంచి కుక్కను తెద్దామని సేటు పట్టుబట్టాడు. కుక్కకు తెలివి ఉంటది, చెప్పింది వింటది, పిల్లికి తిని పండుడు తప్ప ఏం రాదు అని ఆయన వాదన. నేను ఒప్పుకోను.

వానాకాలం వడ్లు దిగే రోజుల్లో గోనె సంచుల చాటున ఒక బూడిదరంగు పిల్లి పిల్లలు పెట్టింది. కాంటా పక్కనే నా కుర్చీ, అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది. మొదట్లో చచ్చిన ఎలుకను తెచ్చి పిల్లల ముందే తినేది. కొన్నాళ్ళకు తెచ్చి వాటి ముందు పడేసి, తాను తినకుండా పక్కకు జరిగింది. ఆ తర్వాత కొన ఊపిరితో ఉన్నదాన్ని తెచ్చింది. చివరికి కాలు కుంటే ఎలుకను తెచ్చి వదిలిపెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుంది. ఎలుక బస్తా కిందికి దూరబోతే పంజాతో మళ్ళీ పిల్లల వైపు నెట్టింది, చంపలేదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతున్నా తాను కల్పించుకోలేదు. అచ్చం ట్యూషన్ చెప్పినట్టే. దీన్ని తెలివి అనకపోతే దేన్ని అంటారు? చెప్పిన మాట వినడమే తెలివైతే గానుగెద్దును మించింది లేదు.

మంద వెంట, మక్తల్
అన్నా, ఎలుకను పట్టుడు పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్య. దానికి అంత సంబరం ఎందుకు?

మాది కురుమోళ్ళ ఇల్లు. పంట కోతలైనంక ఎరువు కోసం రైతులే పిలిచి చేన్లలో మంద పెట్టించుకుంటారు. కృష్ణ ఒడ్డు దాకా పోతాం. ఒక రాత్రి గట్టు మీద తోడేలు కనబడింది. దాక్కోలేదు, కావాలని కనబడేటట్టే నిలబడింది. మా రెండు పడుచు కుక్కలు మొరుక్కుంటూ దాని వెనక ఉరికినాయి. ముసలిది మాత్రం కదల్లేదు. ఒక్కసారి అటు చూసి, మందకు అవతలి పక్కకు, గొర్రెపిల్లల్ని ఉంచిన వైపు నడిచిపోయి నిలబడింది. రెండో తోడేలు సరిగ్గా అటు నుంచే వచ్చింది. మా బాపు గొంగడి తీసి కట్టె అందుకునేలోపు కుక్క దాని ముందు నిలబడి ఉంది. ఒకటి కనబడి మభ్యపెడితే ఇంకోటి ఎత్తుకపోతదని ఆ కుక్కకు ఎవరూ చెప్పలేదు. మీ పిల్లి అట్లాంటి లెక్క వేస్తదా?

నకిరేకల్ తమ్ముడు (పశువైద్యం చదువుతున్నా)
లెక్క అన్నారు కాబట్టి లెక్కలే చెబుతా. 2017లో సుజానా హెర్కులానో-హౌజెల్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త, ఆమె బృందం కలిసి మాంసాహార జంతువుల మెదళ్ళలో న్యూరాన్లు, అంటే నాడీ కణాలు లెక్కపెట్టారు. పద్ధతి విచిత్రంగా ఉంటుంది. మెదడు ముక్కను రసాయనాలతో కరిగించి ద్రవంలా చేసి, అందులో మిగిలిన కణ కేంద్రకాలను లెక్కిస్తారు. ఆలోచనకు కీలకమైన కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో) కుక్కకు సుమారు 53 కోట్ల న్యూరాన్లు, పిల్లికి సుమారు 25 కోట్లు తేలాయి. మనిషికి 1,600 కోట్లు. అంటే కుక్కకు పిల్లికన్నా రెట్టింపు. సేటు గారి మాటకే బలం.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
తమ్మీ, మెదడు పెద్దగా ఉంటే కణాలు ఎక్కువుంటాయి, అందులో వింతేముంది? మా సేటు తల కూడా పెద్దదే.

నకిరేకల్ తమ్ముడు
అక్కడే తిరకాసు ఉందన్నా. అదే పరిశోధనలో ఎలుగుబంటి మెదడు పిల్లి మెదడుకు దాదాపు పది రెట్లు ఉంది, కార్టెక్స్‌లో న్యూరాన్లు మాత్రం పిల్లికి ఉన్నన్నే. అమెరికాలో చెత్తకుండీలు తిరగేసే రకూన్ అని ఒకటుంటుంది, దాని మెదడు పిల్లిదంతే, కణాలేమో కుక్కతో పోటీపడేటన్ని. సైజును బట్టి చెప్పలేం.

దేవరకొండ మేడమ్ (జూనియర్ కాలేజీలో జువాలజీ)
బాబూ, ఆ లెక్కకు ఎన్ని పిల్లుల మెదళ్ళు తీసుకున్నారో కూడా చెప్పాలి. ఒక్కటే. కుక్కలు రెండు. ఆ రెండింటి మధ్యే ఎంత తేడా ఉందో చూడు: గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కకు 62 కోట్ల పైన, రెండోదానికి 43 కోట్ల దగ్గర. ఒక్క పిల్లిని చూసి ప్రపంచంలోని పిల్లులన్నిటికీ మార్కులు వేస్తే మా పిల్లలకు ప్రాక్టికల్స్‌లో సున్నా పెడతాను.

కణాలు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, వాటితో ఏం చేస్తుందన్నది ఇంకొకటి. రెండోదాన్ని పరీక్షించిన తొలినాటి పేరుమోసిన ప్రయోగాల్లో ఒకటి పిల్లుల మీదే జరిగింది. 1898లో అమెరికాలో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆకలితో ఉన్న పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచాడు. తాడు లాగితేనో, గడియ నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి గీకుతుంది, కొరుకుతుంది, గుంజుతుంది, అనుకోకుండా గడియ మీద కాలు పడి బయటపడుతుంది. మళ్ళీ మళ్ళీ పెడుతుంటే ఆ సమయం తగ్గుతూ వస్తుంది. కానీ ఒక్కసారిగా "ఓహో ఇదా" అన్నట్టు పడిపోదు, కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అందుకే అది ఆలోచన కాదు, అలవాటు అని ఆయన తేల్చాడు. కుక్కల్నీ అట్లాగే పరీక్షించాడు, వాటికీ పెద్ద మెచ్చుకోలు దక్కలేదు. నాకు మాత్రం ఒక అనుమానం. ఆకలితో పెట్టెలో బంధిస్తే మనలో ఎంతమంది తీరిగ్గా ఆలోచిస్తారు?

పాలమూరు బస్టాండ్
పిల్లి ఎదురొస్తే మా అమ్మ ఇప్పటికీ చెప్పులు విడిచి ఓ నిమిషం కూర్చుంటుంది. ఇంట్లో ఒక మనిషిని అట్లా కూర్చోబెట్టగలిగిన జంతువు తెలివితక్కువదని ఎట్లా అంటాం?

జోకు పక్కన పెడితే, బస్టాండ్ కుక్కల్ని చూడండి. ఏ బస్సు కదులుతుంది, ఏది ఆగే ఉంటుంది అనేది వాటికి తెలుసు. ఆగిన బస్సు కింద నిద్రపోతాయి, డ్రైవర్ సెల్ఫ్ కొట్టేలోపు బయట ఉంటాయి.

నకిరేకల్ తమ్ముడు
వీధికుక్కల మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం 2020లో ప్రచురించింది. రెండు గిన్నెలు మూతపెట్టి, మనిషి వేలితో ఒకదాన్ని చూపిస్తాడు. ఎవరూ పెంచని, ఏ శిక్షణా లేని కుక్కలు. దాదాపు సగం భయంతో దగ్గరికే రాలేదు. వచ్చిన వాటిలో 80 శాతం దాకా చూపించిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. వేలు చూపించి వెంటనే తీసేసినా గుర్తుపెట్టుకున్నాయి.

ఇక పెంపుడు కుక్కల్లో చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ దానికి 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. 2011లో ప్రచురించాడు. ఏ పేరు చెబితే ఆ బొమ్మే తెచ్చేది. పిల్లి ఇట్లా చేసినట్టు ఎవరన్నా చూపిస్తే నేను మీసం తీసేస్తా.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
మూడేళ్ళు, రోజుకు నాలుగైదు గంటలు కూర్చోబెట్టి నేర్పాడట కదా. అంత ఓపిగ్గా పిల్లికి ఎవరు నేర్పారు? ఇంకో మాట, గొర్రెల మందను మళ్ళించడం కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి అది. పిల్లిని మనం ఏనాడైనా తెలివి కోసం ఏరినామా? ధాన్యం దగ్గర ఎలుకలున్నాయని అదే వచ్చింది, మనం వద్దనలేదు. అంతే కథ.

దేవరకొండ మేడమ్
ఈ వాదనంతా ఒక్క పరీక్ష దగ్గర ఆగుతుంది, దాన్ని వివరంగా చెబుతాను.

2005లో హంగరీలో మిక్లోషి అనే శాస్త్రవేత్త బృందం కుక్కల్ని, పిల్లుల్ని పక్కపక్కన పరీక్షించింది. మొదటిది వేలు చూపించే పరీక్షే. అందులో పిల్లులు కుక్కలకు తీసిపోలేదు. ఇది చాలామందికి తెలియదు. రెండోదాంట్లో తిండి గిన్నెను బయటికి లాగలేని విధంగా కట్టేశారు. తిండి ఉందని తెలుసు, అందదు. అప్పుడు కుక్కలు కాసేపు ప్రయత్నించి, తల తిప్పి యజమాని ముఖం చూశాయి. గిన్నెను ఒకసారి, మనిషిని ఒకసారి. పిల్లులు మనిషి వైపు పెద్దగా చూడలేదు, గిన్నెతోనే కుస్తీ పట్టాయి.

ఇందులో తెలివైనది ఏది?

మంద వెంట, మక్తల్
ఇందులో అడగడానికేముంది మేడమ్? తనతోటి కాదని తెలుసుకొని, అయ్యేవాడిని అడిగిందే తెలివైంది. గొర్రె బురదలో దిగబడితే మా కుక్క గుంజుతూ కూర్చోదు. ఉరికొచ్చి మా బాపు ముందు మొరిగి, వెనక్కి ఉరికి, మళ్ళీ వస్తది.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
నేను ఉల్టా అంటాను. సాయం కోసం ముఖం చూసేది బానిస బుద్ధి. ఎవడూ రాడని తెలిసి తనే తంటాలు పడేదానిదే అసలు బుర్ర.

దేవరకొండ మేడమ్
దీనికి తోడేలు దగ్గర కొంత జవాబు దొరుకుతుంది. అదే బృందం 2003లో తోడేలు పిల్లల్ని చిన్నప్పటి నుంచి మనుషుల చేతుల్లో, కుక్కపిల్లల్లాగే పెంచింది. అందని తిండి ముందు పెడితే కుక్కలు తొందరగా మనిషిని చూశాయి, ఎక్కువసేపు చూశాయి. తోడేళ్ళు చూడలేదు. రక్తం దగ్గరిదే, పెంపకం ఒకటే, అయినా తేడా వచ్చింది. అంటే మనిషిని చూసే గుణం కుక్కలో వేల ఏళ్ళ సహవాసంతో స్థిరపడింది. మక్తల్ తమ్ముడి మందకు కన్నం వేయబోయిన తోడేలును తెలివితక్కువదని అతనే అనడు కదా? మనిషిని చూడనంత మాత్రాన మొద్దు కాదు, చూసినంత మాత్రాన మేధావీ కాదు.

అచ్చంపేట అడవి
అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ గూడేల్లో, కుక్కల్ని చూశాను. మనిషి కన్నా ముందు అడవి వాసన పడతాయి, మొరుగులో తేడాను బట్టి వచ్చింది ఏ జంతువో వాళ్ళు చెప్పేస్తారు. కానీ చిరుత ఎత్తుకుపోయేది కూడా కుక్కనే. పిల్లి మాత్రం ఎప్పుడో చెట్టెక్కి ఉంటుంది. మీ పరీక్షల్లో దీనికి మార్కులు లేవా?

నకిరేకల్ తమ్ముడు
పిల్లుల పక్షాన కూడా ఒకటి చెప్పకపోతే అన్యాయమే. జపాన్‌లో అత్సుకో సైటో 2019లో పిల్లులకు వాటి పేరు తెలుసా అని చూసింది. పద్ధతి నాకు బాగా నచ్చింది. పేరంత పొడుగే ఉన్న వేరే మాటలు నాలుగు వరసగా వినిపిస్తారు. పిల్లికి విసుగొచ్చి చెవి కూడా కదపడం మానేస్తుంది. ఐదోది దాని పేరు. చెవి తిరిగితే, తల కదిలితే తెలిసినట్టే. చాలా పిల్లుల్లో కదలిక వచ్చింది, కొత్త మనిషి గొంతుతో పిలిచినా సరే. లేచి రావడం మాత్రం అరుదు. పిలిస్తే రాదు కాబట్టి దానికి పేరు తెలియదని మనం ఇన్నాళ్ళు అనుకున్నాం.

అదే మొండితనం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకు కూడా తగిలింది. 1960లలో పిల్లి ఒంట్లో మైకు పెట్టి గూఢచారిని చేద్దామని చూశారు, "అకౌస్టిక్ కిట్టీ" అని పేరు. 1967లో ఇది పనికొచ్చే వ్యవహారం కాదని రాసుకొని మూసేశారు. మన మొయినాబాద్‌లో పోలీసులు శిక్షణ ఇస్తున్నది కుక్కలకే కదా.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
మేడమ్, అటూ ఇటూ కాకుండా మాట్లాడుతున్నారు. దేని పని దానిదే అంటే అది వాదన తప్పించుకోవడమే. సేటుకు నేను ఏమని చెప్పాలి?

దేవరకొండ మేడమ్
తప్పించుకోవడం లేదు. బలవంతం చేస్తే నేను కుక్క వైపే మొగ్గుతాను. ఒక్క పిల్లి లెక్కే అయినా రెట్టింపు తేడా చిన్నది కాదు. గుంపులో బతికే జంతువు తోటివాళ్ళు ఏం చేయబోతున్నారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒంటరిగా పొంచి వేటాడే పిల్లికి ఆ అవసరం తక్కువ.

అయినా మీ గోదాంలో పిల్లులే ఉండాలి. ఎలుకలు తమలో తాము అరుచుకునే సన్నటి శబ్దాలు మనిషి చెవికి అందవు. కుక్క వినగలిగే హద్దు సుమారు 45 కిలోహెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) దగ్గర ఆగిపోతే, పిల్లి 60 దాటి వింటుంది. బస్తాల సందున గంటసేపు కదలకుండా కూర్చునే ఓపిక కుక్కకు లేదు. సేటు అడగాల్సింది ఎలుకల్ని ఎవరు పడతారని, ఎవరికి తెలివి ఎక్కువని కాదు.

నకిరేకల్ తమ్ముడు
ఇంకొకటి. ఉన్నవాటిని తరిమేస్తే, తిండి ఉన్న చోటు కాబట్టి కొత్త పిల్లులు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉన్నవాటినే ఉంచుకోండి. పిల్లులున్న చోట ఎలుకల మందు పెట్టకండి, మందు తిన్న ఎలుకను తిన్నా ప్రమాదమే. గలీజు గురించి మాత్రం సేటు మాట నిజమే, తినే బియ్యం ఉన్న గదికి తలుపు వేసుకోవాల్సింది మీరే.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ
మంచిది. ఆదివారం ఆ కట్టేసిన గిన్నె పరీక్ష సేటు ముందే పెడతా. మా బూడిద పిల్లి, పక్క మిల్లు కుక్క.

దేవరకొండ మేడమ్
పెట్టండి. గిన్నె దగ్గర మీరు నిలబడొద్దు, మాట్లాడొద్దు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో తట్టి కూడికలు చెబుతుందని జనం విరగబడి చూసేవారు. అడిగేవాడి తల కొంచెం కదలడం చూసి తట్టడం ఆపుతోందని 1907లో తేలింది. మీ పక్షపాతం ఎటో ఆ కుక్కకు అందరికన్నా ముందు తెలిసిపోతుంది.

పాలమూరు బస్టాండ్
వీడియో తీసి ఇక్కడ పెట్టండి అన్నా. మక్తల్ తమ్మీ, పక్క మిల్లు కుక్క ఎందుకు, నీ ముసలిదాన్నే తీసుకపోరాదు?

మంద వెంట, మక్తల్
అది వస్తే మందను ఎవరు చూస్తారన్నా? సేటునే పిల్లిని పట్టుకొని ఒక రాత్రి మా దగ్గరికి రమ్మను.