వార్ ఈగిల్ వంతెన పైకమ్మి నడుమ ఎందుకు ఎత్తుగా ఉంది?

ప్రశ్న:
అర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో ఉంటున్న మేము గత ఆదివారం వార్ ఈగిల్ పిండిమర చూడటానికి వెళ్లాము. దాని పక్కనే ఏటి మీద 1907లో కట్టిన ఉక్కు ట్రస్ (కడ్డీలను త్రికోణాలుగా కలిపి కట్టిన చట్రం) వంతెన ఉంది. ఒక్క కారు పట్టేంత వెడల్పు, కింద చెక్క బల్లలు. చక్రం ఎక్కిన ప్రతి బల్లా టకటకమంటుంటే మా నాన్నగారు దిగి నడిచి వస్తానన్నారు. ఆ వంతెన పైకమ్మి, అంటే చట్రానికి పై అంచుగా సాగే ఉక్కు కమ్మి, గట్ల దగ్గర తక్కువ ఎత్తులో ఉండి నడిమికి వచ్చేసరికి ఎందుకు లేచింది? ఏటవాలు కడ్డీలు సన్నగా, నిలువువి లావుగా ఎందుకున్నాయి?

మొదటి సమాధానం:
దీనిని పార్కర్ ట్రస్ అంటారండి. రెండు గట్ల మీద ఆనిన ఏ దూలానికైనా వంచే బలం నడుమే ఎక్కువ; అక్కడ పైకమ్మికీ కిందికమ్మికీ మధ్య ఎత్తు పెంచితే కమ్ముల మీద పడే బలం తగ్గుతుంది, చివర్లలో అంత ఎత్తు అక్కరలేదు గనుక ఉక్కు ఆదా అవుతుంది. 182 అడుగుల దూలానికి అది చిన్న ఆదా కాదు. దీనికి మూలం 1844లో ప్రాట్ తండ్రీకొడుకులు పేటెంటు పొందిన పద్ధతి. అందులో నిలువు కడ్డీలు నొక్కుడుకు, ఏటవాలువి లాగుడుకు పనిచేస్తాయి. నొక్కితే సన్నని కడ్డీ పక్కకు వంగిపోతుంది, లాగితే ఆ బెడద లేదు. నులకమంచానికి కోళ్లు లావుగా, నులక సన్నగా ఉన్నా సరిపోవడం వంటిదే ఇది.

రెండో సమాధానం:
పై వివరణ సరైనదే కాని, మీ నాన్నగారి భయానికి బల్లలు కారణం కానక్కరలేదు. ఆ కాలపు పల్లె ట్రస్సుల్లో చాలావాటికి కీళ్ల దగ్గర రివెట్లకు బదులు లావుపాటి సీల ఒక్కటే ఉండేది. ఒక్క కడ్డీ తెగినా భారం మోయడానికి మరో దారి ఉండదు. ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి ట్రస్ వంతెన కాదు, వేలాడే వంతెన. అయినా 1967 డిసెంబరు 15న అందులోని ఒక కంటికడ్డీ (చివర్లలో సీల దూర్చే రంధ్రం ఉన్న కడ్డీ) పగిలి మొత్తం కూలింది, 46 మంది చనిపోయారు. అమెరికాలో వంతెనలకు జాతీయ తనిఖీ ప్రమాణాలు వచ్చింది దాని తర్వాతే. అందుకే ఇటువంటి వంతెనల మీద బరువు పరిమితి పలక కనిపిస్తే, అది పాతదనానికి గుర్తు అనుకోకుండా పాటించండి.

మూడో సమాధానం:
ఈసారి వెళ్తే వంతెన గట్టు మీద ఆనే చోట కూడా చూడండి. ముప్పై డిగ్రీల సెంటీగ్రేడు తేడాకు అంత పొడవు ఉక్కు దాదాపు రెండు సెంటీమీటర్లు సాగుతుంది గనుక, ఒక చివర కదలడానికి వీలు ఉంచుతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను. ఈసారీ నడిచే వస్తారట, సీలలు చూడటానికి.