ఎడిట్ చేశాక ఆకాశంలో చారలు, ముఖాలపై మైనం: యాప్ మార్చాలా, తీసే పద్ధతి మార్చాలా?

ప్రశ్న – వెన్నెలనీడ

అందరికీ నమస్కారం. నేను ఫోన్‌తో ఎక్కువగా సాయంత్రపు ఆకాశాన్ని, ఇంట్లోవాళ్ళ ముఖాలను తీస్తుంటాను. తీసిన వెంటనే చూసుకుంటే ఫొటో బాగానే ఉంటుంది. స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌లో కాస్త వెలుతురు పెంచి, రంగులు చిక్కబరచి, షార్పెనింగ్ పెంచి సేవ్ చేసేసరికి మాత్రం ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కనబడుతున్నాయి; ముఖాలేమో మైనం పూసినట్టు నున్నగా మారి, కనుబొమ్మలు, జుట్టు అంచులు మాత్రం విడిగా గీసినట్టు తేలుతున్నాయి. లైట్‌రూమ్‌కు చందా కడితే ఈ బాధ తప్పుతుందని ఒకరు, రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టినదాన్ని ఫోన్ దాదాపు దిద్దకుండా ఇచ్చే ఫైలుగా, తీయనంతకాలం ఏ యాప్ అయినా ఒకటేనని మరొకరు చెబుతున్నారు. నా ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంది, అందులో రా ఫైలు సేవ్ చేసే వీలు కూడా ఉంది. చందా కట్టే ముందు అసలు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలనుకుంటున్నాను.

సమాధానం – చీకటిగది

యాప్ మార్చినంత మాత్రాన ఈ రెండు లోపాలూ పోవండి, ఎందుకంటే మీరు స్నాప్‌సీడ్‌లో తెరుస్తున్నది అప్పటికే ఒకసారి ఎడిట్ అయిన ఫొటో. మీరు బటన్ నొక్కినప్పుడు ఫోన్ చాలా సందర్భాల్లో ఒకే ఫ్రేముతో సరిపెట్టుకోదు; వరసగా కొన్ని ఫ్రేములు తీసి, చేతి వణుకు వల్ల వచ్చిన తేడాలను సరిచేసి వాటిని ఒకటిగా కలిపి, నాయిస్ (వెలుతురు చాలనప్పుడు తేలే గరుకు చుక్కలు) తగ్గించి, నీడల్లో వెలుగు పెంచి, అంచులకు పదును పెట్టి, ఆపైన జేపెగ్‌గానో హెచ్ఈఐసీగానో కుదించి గ్యాలరీలో పెడుతుంది. గూగుల్ దీన్నే హెచ్‌డీఆర్ ప్లస్ అంటుంది. పేర్లు వేరైనా మిగతా కంపెనీల ఫోన్లూ దాదాపు ఇదే దారిలో నడుస్తాయి. ఫోన్ ఒకసారి పదును పెట్టిన కనుబొమ్మకు మీరు మరోసారి పదును పెడితే దాని పక్కన తెల్లటి గీత మొలుస్తుంది. నాయిస్‌తో పాటు చర్మంలోని సన్నని గరుకుదనం కూడా తుడిచిపెట్టుకుపోయిన చోట, ఏ స్లైడర్ జరిపినా అది తిరిగి రాదు. ఏఐతో ముఖాన్ని స్పష్టంగా చేస్తామనే యాప్‌లు ఆ చోట కొత్త చర్మాన్ని ఊహించి అతికిస్తాయి. ఆ ముఖం మీ ఇంట్లోవాళ్ళదే అన్న పూచీ నేనైతే ఇవ్వను.

చారల సంగతి వేరు. జేపెగ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్క దానికి 256 స్థాయిలే ఉంటాయి. సాయంత్రపు ఆకాశం నారింజ నుంచి నీలానికి చాలా నెమ్మదిగా మారుతుంది కనుక, అంత వెడల్పాటి భాగానికి వాటిలో కొన్నే దక్కుతాయి. మీరు కాంట్రాస్టూ శాచురేషనూ పెంచినప్పుడు కొత్త స్థాయిలు పుట్టవు. ఉన్నవాటి మధ్య ఎడం పెరుగుతుంది, కంటికి చారగా కనబడేది ఆ ఎడమే. 10 బిట్ల రా ఫైలులో 1024 స్థాయిలు, 12 బిట్లదైతే 4096 స్థాయిలు ఉంటాయి కాబట్టి అక్కడ స్లైడర్‌ను ఎంతో దూరం లాగినా ఆకాశం తట్టుకుంటుంది.

ముందుగా కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యూటీ ఫిల్టర్ పూర్తిగా ఆపేయండి. కొన్ని ఫోన్లలో మనం అడగకుండానే అది నడుస్తుంటుంది. ముఖాల ఫొటోలకు స్నాప్‌సీడ్‌లో పదును పెంచే డీటెయిల్స్ టూల్ జోలికి వెళ్ళకండి. ముఖం మరీ నల్లగా ఉంటే ఫొటో మొత్తానికి వెలుగు పెంచే బదులు, సెలెక్టివ్ టూల్ తీసుకుని చెంప మీద ఒక బిందువు పెట్టండి. రెండు వేళ్ళతో దాని పరిధిని ముఖం మేరకు కుదించి, అక్కడ మాత్రమే బ్రైట్‌నెస్ కొద్దిగా పెంచండి. ఆ బిందువు తనకు దగ్గరగా ఉన్న రంగునే పట్టుకుంటుంది కాబట్టి వెనక గోడ చాలావరకు అలాగే ఉంటుంది. ఇంకొక మాట: సేవ్ చేసిన జేపెగ్‌నే మర్నాడు మళ్ళీ తెరిచి, ఎడిట్ చేసి, మళ్ళీ సేవ్ చేస్తుంటే ప్రతిసారీ కొంత నాణ్యత పోతూనే ఉంటుంది, ఎప్పుడు మొదలుపెట్టినా అసలు ఫైలుతోనే మొదలుపెట్టండి.

సమాధానం – నాయిస్‌గోల

ఆకాశం విషయంలో పై సమాధానంతో నాకు పేచీ లేదు. ముఖాలకు కూడా రా అంటే మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఫోన్ సెన్సర్ చాలా చిన్నది. చాలా ఫోన్ల ప్రో మోడ్‌లో వచ్చే రా ఒక్క ఫ్రేముదే కాబట్టి, మామూలు మోడ్‌లో పది ఫ్రేములు కలిపి అణచిన నాయిస్ ఇందులో విరగబూస్తుంది. లెన్స్ వల్ల మూలల్లో వచ్చే చీకటి, అంచుల్లో గీతల వంకర కూడా కొన్ని ఫోన్లలో దిద్దకుండానే వస్తాయి. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పిల్లల్ని రాలో తీసి, నాయిస్ తగ్గించబోయి, చివరికి ఫోన్ ఇచ్చిన జేపెగ్ కంటే అధ్వానమైన మైనపు ముఖాన్ని తయారుచేసుకున్నవాళ్ళు నాకు చాలామందే తెలుసు. దీనికి మినహాయింపులు ఉన్నాయి: 2020 డిసెంబరులో ఐఫోన్ 12 ప్రోకు అప్‌డేట్‌గా వచ్చిన ప్రోరా, శామ్‌సంగ్ వారి ఎక్స్‌పర్ట్ రా యాప్ అనేక ఫ్రేములను కలిపాకే ఫైలు ఇస్తాయి. అయితే 12 మెగాపిక్సెళ్ళ ప్రోరా ఒక్కొక్కటీ దాదాపు 25 ఎంబీ, 48 మెగాపిక్సెళ్ళదైతే దాదాపు 75 ఎంబీ ఉంటుంది.

కనుక ఆకాశానికి రా, ముఖానికి మామూలు మోడ్ అన్నది నా పద్ధతి. రెండింటికీ అసలు పని తీసేటప్పుడే జరగాలి. ఆకాశంలో బాగా వెలిగే చోట వేలితో తట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపి, మబ్బు అంచులు కనబడేవరకు వెలుగు తగ్గించండి. తెల్లగా కాలిపోయిన చోట మూడు రంగులూ చిట్టచివరి స్థాయి దగ్గర ఆగిపోతాయి, అక్కడ వెలికితీయడానికి ఏమీ మిగలదు. నీడలనైతే తర్వాత కొంతవరకు పైకి లేపుకోవచ్చు. ముఖానికి మటుకు మనిషిని కిటికీకి వీపు పెట్టనివ్వకుండా, కిటికీ వైపు సగం తిప్పి నిలబెడితే చాలు, ఎడిటింగులో సగం పని తప్పుతుంది.

చందా గురించి అడిగారు కదా. స్నాప్‌సీడ్ కూడా డీఎన్‌జీ ఫైలును (రా ఫైళ్ళలో ఒక రకం) తెరుస్తుంది, అదీ ఉచితంగా. లైట్‌రూమ్‌లో కూడా వెలుగు, రంగుల స్లైడర్లు చందా లేకుండానే పనిచేస్తాయి; ఫొటోలో ఆకాశాన్ని మాత్రమే ఎంచుకుని మార్చే మాస్కింగ్ వంటివాటికి చందా కావాలి. కంప్యూటర్ ఉంటే డార్క్‌టేబుల్, రా థెరపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఆ పని కూడా అయిపోతుంది, కాకపోతే నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

వెన్నెలనీడ

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్యూటీ ఫిల్టర్ నిజంగానే ఆన్‌లో ఉంది. ఆపేశాక ముఖాలు ఇప్పటికే మెరుగ్గా ఉన్నాయి. ఇంకొక సందేహం: రాత్రిపూట ఎడిట్ చేసిన ఫొటో పగలు చూస్తే నీలంగానూ, ప్రింటు చేయిస్తే చీకటిగానూ ఉంటోంది. వాట్సాప్‌లో పంపితే ఉన్న స్పష్టత కూడా పోతోంది. ఇది కూడా ఫైలు లోపమేనా?

సమాధానం – తెరవెనుక

మొదటి రెండూ ఫైలు లోపాలు కావు, తెరవి. రాత్రిపూట కళ్ళ రక్షణ కోసం ఫోన్ తెరను పసుపు వైపు తిప్పుతుంది. ఆ పసుపును ఫొటోలోదే అనుకుని మనం వైట్ బ్యాలెన్స్‌ను నీలం వైపు జరుపుతాం, తెల్లవారి ఆ ఫిల్టర్ తొలగగానే మనం కలిపిన నీలం బయటపడుతుంది. ఎడిట్ చేసేటప్పుడు తెర రంగును మార్చే నైట్ లైట్, ట్రూ టోన్ వంటి సెట్టింగులన్నీ ఆపండి. ప్రింటు చీకటిగా రావడానికి కారణం బ్రైట్‌నెస్: తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. తెర వెలుగును సగానికి దించి, అప్పటికి సరిపోయేలా ఫొటోను దిద్ది పంపితే ప్రింటు దాదాపు అలాగే వస్తుంది. ప్రింటు కోసం ఫొటో సైజు పెంచే యాప్‌లు కూడా మీకు అక్కర్లేదు. 4000×3000 పిక్సెళ్ళ ఫొటో అంగుళానికి 300 చొప్పున 13×10 అంగుళాల కాగితానికి సరిపోతుంది.

వాట్సాప్ మామూలుగా ఫొటోను చిన్నది చేసి మరింత కుదిస్తుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. కానీ అప్పుడు ఫొటో ఎక్కడ తీశారన్న లొకేషన్ వివరం కూడా ఫైలుతో పాటే వెళ్తుంది. ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలను పరిచయం లేనివారికి అలా పంపే ముందు, కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ సేవ్ కాకుండా చేసుకోండి. ఇప్పటికే తీసినవాటికైతే, అవకాశం ఉంటే, పంపేటప్పుడు ఆ వివరాన్ని తొలగించండి.