బావ కాల్పుల్లో పోయాడు, అక్క పెన్షన్ ఆగిపోయింది. ఎవర్ని అడగాలి?

మా బావ ఆర్మీలో నాయక్. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో కాల్పుల్లో చనిపోయాడు. అక్క పేరు ఆర్మీ రికార్డుల్లో లక్ష్మి, ఆధార్‌లో మహాలక్ష్మి. అందుకే పెన్షన్ ఆపేశారు. డబ్బుల విషయంలో అత్తగారితో మాటల్లేవు, అదో టెన్షన్. ఎవరైనా దారి చెప్పండి.

మాజీ సుబేదార్: తమ్ముడూ, స్పర్శ్ పోర్టల్‌లో (రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైట్) ఎంత కుస్తీ పట్టినా పేరు మారదు. బావ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు సరిచేసి పార్ట్ టూ ఆర్డర్ (సైనికుడి కుటుంబ వివరాల్లో మార్పుని రికార్డు చేసే అధికారిక ఉత్తర్వు) వేయాలి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే దరఖాస్తు రాయడంలో సాయం చేస్తారు, బ్రోకర్లకి రూపాయి ఇవ్వకండి. మంజూరయ్యాక అది ఏ పెన్షనో తప్పకుండా చూడండి. ఇలా పోరులో పోయినవాళ్ల భార్యకి లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ రావాలి, అంటే చివరి జీతం మొత్తం. మామూలు ఫ్యామిలీ పెన్షన్ అయితే మొదటి పదేళ్లు సగం, ఆ తర్వాత 30 శాతమే.

ఒక వీర్ నారి (అమర సైనికుడి భార్య): నాదీ ఇదే కథ బాబూ. అత్తగారికి కొడుకు పోయిన బాధ, అక్కకి రేపటి భయం, మధ్యలో డబ్బు పేరు చెప్పి ఎగదోసే చుట్టాలు... వాళ్లని దూరం పెట్టండి. అక్కకి డిగ్రీ ఉందా? సైనికుల వితంతువులకి చెన్నై ఓటీఏలో (ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీ) కొన్ని సీట్లుంటాయి, 35 ఏళ్ల వరకు. రాత పరీక్ష లేదు, నేరుగా ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూనే.

అడిగినవాడు: బీకామ్ అండి, 29 ఏళ్లు. సోమవారం వెళ్తున్నాం, ఏమేం పట్టుకెళ్లాలి?

మాజీ సుబేదార్: డెత్ సర్టిఫికెట్, యూనిట్ ఇచ్చిన బ్యాటిల్ క్యాజువాలిటీ (పోరులో పోయాడని చెప్పే) కాగితం, ఆధార్, పెళ్లి ఫోటో. అన్నీ రెండేసి జిరాక్సులు.