పాత చెరువుల తెలివి రేపటి వానలకు పనికొస్తుందా, లేక ఉత్త గొప్పలేనా?

ఓరుగల్లు_వాసి:
రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. దగ్గర్లోనే ఉన్న రామప్ప చెరువును ఎవరూ పట్టించుకోలేదు. నన్నడిగితే గుడి కంటే చెరువే పెద్ద వారసత్వం. కాకతీయులు, వాళ్ళ సామంతులు రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులు కట్టించారు. వాటికి తోడు ఊరూరా గొలుసుకట్టు. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు నిండుతుంది, ఎక్కడి వాన అక్కడే ఆగుతుంది. ఒక్కరోజు కుమ్మరించి నెలరోజులు మొహం చాటేస్తున్న ఇప్పటి వానలకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటే చెప్పండి. 800 ఏళ్ళు నిలబడ్డ ఇంజనీరింగ్‌ను ఇంటి ముందు పెట్టుకుని విదేశీ కన్సల్టెంట్ల వెంట పడుతున్నాం. పురావస్తు శాఖ వాళ్ళను నీటిపారుదల మీటింగుల్లో కూర్చోబెట్టాలి. ఇదీ నా వాదన.

రిటైర్డ్_ఏఈ:
800 ఏళ్ళు ఏ కట్టా నిలబడలేదు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. మట్టికట్ట తెగుతుంది, పోస్తారు, మళ్ళీ తెగుతుంది. పాకాల సహా పెద్ద చెరువులకు నిజాం కాలంలో మరమ్మతులు జరిగాయి, ఆ తర్వాత మన ప్రభుత్వాలూ చేశాయి. నేను నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) సర్వీసులో ఉండగా వానాకాలం వస్తే నిద్ర ఉండేది కాదు. కట్ట మీద ఇసుక బస్తాలు మోయిస్తుంటేనే తెల్లారేది. కాకతీయులెవరూ వచ్చి కాపాడలేదు.

బతుకు_బండి:
ఏఈ సారు దిగారు. ఇక ఈ థ్రెడ్ వంద దాటుతుంది.

ఓరుగల్లు_వాసి:
సార్, మరమ్మతు చేసుకుంటూ వాడితే నిలబడ్డట్టు కాదా? ఏటా సున్నం వేస్తాం కాబట్టి తాతల ఇల్లు పాతది కాదంటారా?

రిటైర్డ్_ఏఈ:
సున్నం వేయడం వేరు, కొట్టుకుపోయిన గోడ కట్టడం వేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి లెక్క తీస్తే మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయినట్టు తేలింది. గొలుసుకట్టులో ఉన్న చిక్కే అది. పైది తెగితే నీళ్ళన్నీ కింది దాని మీద పడతాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మీ రామప్ప ఉన్న మండలమే అది. అంత వానకు మత్తడి లెక్కగట్టిన కాకతీయ ఇంజనీరును నాకు చూపించండి.

తవ్వకాల_పిచ్చి:
సార్, మీరు చెప్పిన 1908 కూడా చరిత్రే కదా. చెరువులు ఎలా తెగాయో లెక్క తీశారు కాబట్టే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. పురావస్తు శాస్త్రం అంటే మన తాతలు గొప్పోళ్ళని చాటడం కాదు. చెరువు అడుగున పూడిక పొరలు పొరలుగా ఉంటుంది. ఏ పొరలో ముతక ఇసుక ఉంది, ఏ పొరలో సన్న ఒండ్రు ఉంది, అందులో ఏ మొక్కల పుప్పొడి చిక్కుకుంది అని చూస్తే పెద్ద వరదలు ఎప్పుడొచ్చాయో, కరువు ఎన్నాళ్ళు పట్టిందో కొంతవరకు చెప్పొచ్చు. పరికరంతో కొలిచిన వాన లెక్కలు మనకు ఎంత వెనక్కి ఉన్నాయి? అంతకు ముందువి ఈ మట్టిలోనే ఉన్నాయి.

మరి మనం చేసిందేంటి? 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేల పైచిలుకు చెరువులను లక్ష్యంగా పెట్టుకున్నాం. పూడిక తీసి పొలాలకు తోలాం. పొలాలకు మంచిదే, కాదనను. జేసీబీ దిగే ముందు మండలానికి ఒక్క చెరువులోనైనా గొట్టం దింపి మట్టి నమూనా తీసి పెట్టుకోవాల్సింది. కట్టల మీది శాసనాలు, పాత తూము స్తంభాల సంగతి ఎత్తను. ఎత్తితే ఏడుపొస్తుంది.

ఓరుగల్లు_వాసి:
నేను చెప్పిందీ ఇదే.

రిటైర్డ్_ఏఈ:
మీరు చెప్పింది ఇది కాదు. మీరు చెప్పింది 800 ఏళ్ళు.

కడప_ఆడపడుచు:
మా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఎవరైనా చదివారా? 1369 నాటిది, విజయనగర రాజకుమారుడు భాస్కరుడిది. రోజుకు 1000 మంది కూలీలు, రాళ్ళకు 100 బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు కూడా చెప్పారు. కట్టలోంచి నీరు ఊరితే దోషం. చవుడు నేల దోషం. నీళ్ళు తక్కువై భూమి ఎక్కువున్నా దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటమూ దోషమేనట! కృష్ణా నీళ్ళ గొడవ చూస్తూ ఆ మాట చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఏఈ గారూ, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అది ఏ రాజూ కట్టింది కాదు, ఈ కాలపు ఇంజనీర్లు కట్టిందే.

రిటైర్డ్_ఏఈ:
ఇంజనీర్లను అంటే అనండమ్మా, పడతాం. ఇంత వరద వస్తే ఇంత వెడల్పు అలుగు కావాలని ఆ శాసనంలో ఉందా? లేదు. శ్లోకం వేరు, డిజైన్ వేరు.

ప్లాటు_బాధితుడు:
మీ శాసనాలు బాగానే ఉన్నాయి. బ్యాంకు లోను ఇచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది, ఇంటికి అనుమతి వచ్చింది. ఇప్పుడొచ్చి మీ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) లోపల ఉందంటున్నారు. పాత నక్షా బయటికి తీశారట. నేను డబ్బు కట్టిన రోజు ఆ నక్షా ఏ బీరువాలో ఉంది? వారసత్వం అన్న మాట వింటేనే బీపీ పెరుగుతోంది.

తవ్వకాల_పిచ్చి:
అన్నా, ఆ నక్షా ముందే అందరికీ కనపడేట్టు పెట్టి ఉంటే మీరు కొనేవాళ్ళే కాదు. పాతవి దాచి ఉంచడం, వెతకడం ఇందుకే.

ప్లాటు_బాధితుడు:
నీతులొద్దు తమ్ముడూ. ఈఎంఐ నువ్వు కడతావా?

ఓరుగల్లు_వాసి:
అసలు విషయం పక్కకు పోతోంది. ఒకప్పుడు ఊరంతా కలిసి చెరువును చూసుకునేది. కట్టి కాపాడినవారికి దశబంధం మాన్యాలు, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చే భూములు ఉండేవి. తూము చూడటానికి నీరటి ఉండేవాడు. అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు. ఆ కట్టుబాటు పోయాకే చెరువు పోయింది. దాన్ని మళ్ళీ తేవాలి.

నీరటోళ్ల_మనవడు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. "అందరూ ఎవరి పని వాళ్ళు" అన్నావు చూడు, అక్కడ కడుపు మండింది. మా తాత నీరటి. అర్ధరాత్రి వానలో, పాములు తిరిగే చోట, మెడలోతు నీళ్ళలో దిగి తూము తీసింది ఆయన. ఏ మడికి ఎంత నీళ్ళు వదలాలో ఊళ్ళో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. దానికి ఇచ్చింది కల్లం దగ్గర కొలిచిన గింజలు, అదీ దొర మనసు బాగుంటే. గుళ్ళోకి రానివ్వలేదు. ఆయకట్టులో గుంట భూమి లేదు. మా నాయన పట్నం వచ్చి వాచ్‌మన్ పనికి కుదిరాడు. ఎందుకంటే అక్కడ నెలకు జీతం వస్తది. ఆ కట్టుబాటు మళ్ళీ తెస్తావా? ఎవరి కోసం? కడప అక్కా, శాసనంలో రాజు పేరుంది, ఆ 1000 మంది పేర్లు ఉన్నాయా?

కడప_ఆడపడుచు:
లేవు.

ఓరుగల్లు_వాసి:
నేను కులం ఎత్తలేదు కదా అన్నా. ప్రతిదీ అటే లాగితే ఇక మాట్లాడేదేముంది?

నీరటోళ్ల_మనవడు:
నువ్వెందుకు ఎత్తుతావు? నువ్వు కట్ట మీద నిలబడి చూస్తున్నావు, మేము నీళ్ళలో నుంచి చూస్తున్నాం. చెరువు వద్దని నేను అనలేదు. మా తాతకున్న తెలివి మీ పుస్తకాల్లో ఎక్కడా లేదు, మా నాయనతో ఆగిపోయింది. దాన్ని రాసుకోవడానికి ఏ పురావస్తు శాఖా మా వాడకు రాలేదు.

బతుకు_బండి:
మోడరేటర్ నిద్రపోతున్నట్టున్నాడు. పోనీలే, ఇప్పుడే బాగుంది.

రిటైర్డ్_ఏఈ:
కట్ట తెగే ముందు ఎక్కడో చిన్న బుంగ పడుతుంది. దాన్ని మొదట చూసేది ఆఫీసులో ఉన్నవాడు కాదు, రోజూ కట్ట మీద నడిచేవాడు. నేను పనిచేసిన చోట లష్కర్లు (కట్ట, తూములు చూసుకునే కింది సిబ్బంది) రిటైరవుతుంటే కొత్తవాళ్ళను వేయలేదు. 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చి రైతుల చేతికి ఇచ్చారు. నేను చూసిన సంఘాల్లో కాంట్రాక్టు పనుల మీదున్న ఆసక్తి తూము మీద లేదు. మనిషి లేని చెరువుకు కాకతీయ టెక్నాలజీ అని పేరు పెడితే ఒరిగేదేంటి?

ఓరుగల్లు_వాసి:
సరే, చెరువుకో మనిషిని పెడదాం. జీతం పంచాయతీ ఇస్తుంది.

నీరటోళ్ల_మనవడు:
పారిశుద్ధ్యం వాళ్ళకే నెలల తరబడి జీతాలు రావు. మళ్ళీ మావాడినే పెడతారు, మళ్ళీ గింజలే కొలుస్తారు. పర్మనెంట్ పోస్టు వేయండి. ఏ కులం వాడైనా చేయనీ. ఆయకట్టు రైతులు ఎకరానికింత కట్టాలి.

ఓరుగల్లు_వాసి:
రైతు మీద భారం వేస్తే ఎట్లా? మా నాన్నకు బోర్ల అప్పే ఇంకా తీరలేదు. మా చెరువు కింద సగం మంది బోర్ల మీదే ఉన్నారు. చెరువుతో మాకేం పని అంటారు.

రిటైర్డ్_ఏఈ:
ఆ బోర్లలోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయట?

నీరటోళ్ల_మనవడు:
అది మీరే వెళ్ళి అడగండి సారూ. నేను అడిగితే వినరు.