ల్యాబులో చేసిన ఆకు కార్బన్‌ను తగ్గిస్తుందా, మన మామిడి తోటలు చాలవా?

రిటైర్డ్ కెమిస్ట్రీ, తిరుపతి: పొద్దున వాకింగ్‌లో ఒకాయన "చెట్లు నాటితే పోయేదానికి కృత్రిమ కిరణజన్య సంయోగక్రియ ఎందుకు" అన్నాడు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఆకు ఎండతో చేసే పనిని ల్యాబులో చేయించడమే అది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టారు. ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా మిథనాల్ లాంటి ఇంధనంగా మార్చాలని చూస్తున్నారు. మన పంటలు పడిన ఎండలో ఒక శాతం దాచుకుంటే గొప్ప. దాన్ని పది చేస్తే?

తోతాపురి, బంగారుపాళెం: నీళ్లు ఎక్కడివి సార్? మాకు వెయ్యి అడుగులు వేసినా బోరులో దుమ్మే.

రిటైర్డ్ కెమిస్ట్రీ: కిలో హైడ్రోజన్‌కు 9 లీటర్లు. ఎండాకాలం మీ మామిడి చెట్టు ఒక్కరోజులో అంతకంటే ఎక్కువ తాగుతుంది.

తోతాపురి: నా చెట్టు కాయలిస్తుంది. ఆ 9 లీటర్లు కాగితం మీద లెక్క, మరి ప్యానెళ్లు కడిగేదానికి? ట్యాంకర్లు ఎన్ని వస్తాయో నేను చూస్తానే ఉన్నా.

పాకాల పిల్లోడు: అన్నా, ఈసారి కాయ కిలో ఎంత పోయింది?

తోతాపురి: అడగొద్దు తమ్ముడూ.

గాదంకి గాలి: ఇద్దరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో 100 చదరపు మీటర్ల ప్యానెల్ ఎండలో పెట్టి నడిపిన ఫలితం చూపారు, పడిన ఎండలో ఇంధనంగా మారింది ఎక్కువలో ఎక్కువ 0.76 శాతం. అదీ హైడ్రోజన్ ఒక్కటే. పైగా మిథనాల్ కాలిస్తే అందులోకి మార్చిన కార్బన్ డయాక్సైడ్ మళ్లీ గాల్లోకే, కాబట్టి ఇది తగ్గించడం కాదు, కొత్తగా పెంచకపోవడం.

రిటైర్డ్ కెమిస్ట్రీ: పెంచకపోవడం చిన్న విషయమా? లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఘాట్ రోడ్డు ఎక్కే బండ్లు ఎన్నో చూడండి. 0.76 అని ఎగతాళి చేస్తున్నారు, మా అమ్మాయి పీహెచ్‌డీ ఇదే పని మీద. ఐదు నెలలుగా స్టైపెండ్ రాకపోయినా రాత్రి 11 దాకా ల్యాబులోనే ఉంటుంది. చెట్టు కింద కూర్చుని మాట్లాడేవాళ్లకు ఏం తెలుస్తుంది!

గాదంకి గాలి: ఎగతాళి ఎవరు చేశారు సార్?

తోతాపురి: చెట్టు కింద కూర్చోడానికి చెట్టేదీ? మూడేళ్ల కింద నాలుగెకరాల తోట కొట్టించి ఒక సోలార్ కంపెనీకి లీజుకిచ్చినా. మా నాయన నాటిన చెట్లు. ఆ రోజు వచ్చినాయన కూడా మీ మాదిరే శాతాలు చెప్పినాడు, కాయలు కాసే తోటను బీడు అని రాసుకున్నాడు. ఏడాదిన్నరగా లీజు డబ్బు లేదు, ఫోనెత్తరు. మీ ఆకు పది శాతం ఇచ్చినా ఇరవై ఇచ్చినా పెట్టేది మళ్లీ మా పొలంలోనే కదా?

రిటైర్డ్ కెమిస్ట్రీ: మీ పొలంలో ఎందుకు పెడతారండీ? గాల్లో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే, అది చిక్కగా దొరికేది ఫ్యాక్టరీ పొగ గొట్టం దగ్గర. ముందు అక్కడే పెట్టాలి.

తోతాపురి: పొగ గొట్టం దగ్గర ఎకరాలకు ఎకరాలు ఎండ ఎక్కడ దొరుకుతుంది సార్? చివరికి భూమి కోసం ఎవరి ఇంటికొస్తారు?

రిటైర్డ్ కెమిస్ట్రీ: అది కెమిస్ట్రీ ప్రశ్న కాదు. చెట్టు కింద అన్న మాట మాత్రం తప్పే, ఏమీ అనుకోకండి.

పాకాల పిల్లోడు: లీజు రిజిస్టర్ చేయించినావా అన్నా?

తోతాపురి: లేదు తమ్ముడూ, నోటరీ ఒకటే.