“ఈ ఇద్దరూ ఒకరేనా?” అని ఫోన్ అడిగింది

నీలిసిరా: గ్యాలరీలో ఫొటోలను ఫోనే ముఖాల వారీగా సర్దుతుంది కదా. నిన్న నావే రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి ఒకరేనా అని అడిగింది. ఒకటి ఉద్యోగం ప్రొఫైల్‌కి తీయించుకున్నది, నున్నటి గడ్డం, బిగబట్టిన భుజాలు. రెండోది ఫిల్టర్ వేసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టింది. ముక్కు సన్నబడింది, కళ్ల కింద నలుపు మాయం. “అవును” నొక్కబోతే వేలు ఆగింది. మీకెవరికైనా ఇలా జరిగిందా?

కెమెరాపిచ్చి: సగం పాపం దూరానిది. చెయ్యి చాచినంత దగ్గర్లో తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఫోన్ ఎక్కడైనా ఆనించి, టైమర్ పెట్టి, ఐదారడుగులు వెనక్కి జరిగి కాస్త జూమ్‌తో తీసి చూడండి. ఇంకోటి, ముందు కెమెరా తీసేటప్పుడు అద్దంలా చూపిస్తుంది. కొన్ని ఫోన్లు సేవ్ చేసేటప్పుడు తిప్పేస్తాయి. పాపిడి అటు మారేసరికి ఎవరో పరాయి మనిషిలా ఉంటాం. ఎదుటివాళ్లకు తెలిసింది మాత్రం ఆ ముఖమే.

బొగ్గుముక్క: చిత్రకారుడు వాన్ గో 1889లో తనకు తాను వేసుకున్న బొమ్మలో కట్టు కుడి చెవికి ఉన్నట్టుంటుంది. కోసుకున్నది ఎడమ చెవి. అద్దంలో చూసి వేశాడు మరి. నేనూ అద్దం ముందు కూర్చుని బొగ్గుతో వేసుకుంటాను. మొదట్లో ముఖం కాస్త పోజు కొడుతుంది. కాసేపటికి దవడ వదులై, ఒక కనురెప్ప వాలుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పని. సెల్ఫీకి అంత టైమెక్కడిది?

నీలిసిరా: అంటే చేత్తో గీసిందే నిజమంటారా?

బొగ్గుముక్క: అబ్బే. చిత్రకారుడు రెంబ్రాంట్ 1661లో తనను అపొస్తలుడు పౌలుగా వేసుకున్నాడు. వేషాలు అప్పుడూ ఉన్నాయి.

చాదస్తం: ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం ఎవరికి కొత్త? ఇదివరకు ఆ ఇద్దరూ ఎదురుపడేవారు కాదు. ఇప్పుడు ఒకే తెర మీద పక్కపక్కన కూర్చోబెడుతున్నారు. ఇబ్బంది అక్కడుంది, ముక్కు సైజులో కాదు.

తెరచాటు: చాదస్తం గారి మాటే నాదీ. నాకు ముఖం చూపించని ఖాతా ఒకటుంది, చేతులు, నీడ, అంతే. మనసులో మాట ఎక్కువ చెప్పేది అక్కడే. ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ 1977-80 మధ్య సినిమా స్టిల్స్‌లా తీసిన ఫొటోలన్నిట్లో ఉన్నది తనే, అయినా అవి తన స్వీయచిత్రాలు కాదంటుంది. నాకది బాగా అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: రెండు ఖాతాలకూ ఒకే ఫొటో వాడకండి. ఆ ఫొటో పెట్టి నెట్‌లో వెతికితే రెండూ కలిసి దొరికిపోవచ్చు.